ఒత్తులు విడిపోతున్నాయి, ఇంటి కంప్యూటర్‌కి ఏ ఫొటో సాఫ్ట్‌వేర్ మంచిది?

మద్దిలపాలెం: మధ్యాహ్నం నుంచీ ఇదే పని, తెమలట్లేదండీ. భీమిలి బీచ్ ఫొటో మీద ‘జన్మదిన శుభాకాంక్షలు’ వేస్తే న కింద మ ఒత్తు రాదు, ‘జన్‌మదిన’ అని పడుతోంది. సిస్టమ్ మాటిమాటికీ ఆగిపోతోంది. 12×18 అంగుళాల ప్రింటు రేపు పొద్దున్నకి కావాలి. ఫ్రీగా దొరికేది ఏదైనా చెప్పండి.

గాజువాక: దేంట్లో చేస్తున్నారు? ర్యామ్ ఎంత? ఫాంటు ఏది?

సీతమ్మధార: ముందు స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గించండి. ఫుల్ బ్రైట్‌నెస్‌లో సరిచేసిన ఫొటో కాగితం మీద నల్లబడుతుంది. అదే ఫైలు 4×6లో ఒక ప్రింటు తీయించి చూడండి, కొలతల నిష్పత్తి ఒకటే కాబట్టి ఎక్కడ తెగుతుందో కూడా తెలిసిపోతుంది. సీఎంవైకే (నాలుగు సిరాల రంగుల పద్ధతి) జోలికి పోవద్దు, అది ఆఫ్‌సెట్ ప్రెస్‌కి. ల్యాబ్‌కి ఎస్‌ఆర్‌జీబీ (స్క్రీన్లకి వాడే మామూలు రంగుల పద్ధతి) జేపెగ్, 300 డీపీఐ.

గాజువాక: పీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళో. డీపీఐ అంటే ప్రింటర్ వేసే చుక్కల లెక్క.

సీతమ్మధార: ల్యాబుల్లో అందరూ డీపీఐ అనే అంటారు.

గాజువాక: అనుకోనివ్వండి, ఇక్కడ కొత్తవాళ్ళు చదువుతారు. చూడాల్సింది పిక్సెళ్ళు: అంగుళానికి 300 చొప్పున 3600×5400. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటో చాలదు, డాక్యుమెంట్‌గా పంపించుకోవాలి.

మద్దిలపాలెం: ఫొటోషాప్ ట్రయల్. 4 జీబీ. తెలుగు ఫోన్లో టైప్ చేసి పేస్ట్ చేశాను.

పెందుర్తి: ఈ మాట మొదటే చెప్పాల్సింది. కొత్త ఫొటోషాప్‌కి కనీసమే 8 జీబీ కావాలి. ఒత్తుల తప్పు మాత్రం ఫాంటుది కాదు. ప్రిఫరెన్సెస్, టైప్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ (మన లిపుల ఒత్తులు కలిపే సెట్టింగు) పెట్టండి. పాత వెర్షన్లలో దాని పేరు మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్. ముందే వేసిన అక్షరాలకి పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి.

మీ సిస్టమ్‌కి నేనైతే జింప్ అంటాను, ఫ్రీగా దొరికే ఫొటో సాఫ్ట్‌వేర్. ఒత్తులు ఏ సెట్టింగూ లేకుండానే కలుస్తాయి. ఫాంటు నోటో సాన్స్ తెలుగు గానీ రామభద్ర గానీ పెట్టండి. డీటీపీలో వాడే అను ఫాంట్లు యూనికోడ్ (ఫోన్లూ కంప్యూటర్లూ వాడే ఉమ్మడి అక్షరాల పద్ధతి) కావు, ఫోన్లో కొట్టిన తెలుగుకి పనికిరావు. ఇమేజ్ మెనూలో ప్రెసిషన్ (రంగుల లెక్క ఎంత సూక్ష్మంగా ఉండాలో) 8 బిట్‌లో ఉంచండి. ఈ సైజులో ఒక్కో లేయరూ (ఒకదాని మీద ఒకటి వేసే పొర) మెమరీలో దాదాపు 78 ఎంబీ, 32 బిట్ పెడితే దానికి నాలుగింతలు. ఇంకోటి: సేవ్ కొడితే జింప్ సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైలే వస్తుంది, ల్యాబ్‌లో తెరుచుకోకపోవచ్చు. జేపెగ్‌కి ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్.

సీతమ్మధార: అక్షరాలు అంచుకి అర అంగుళం లోపలికి ఉంచండి, లేకపోతే కటింగ్‌లో పోతాయి.

మద్దిలపాలెం: జింప్‌లో ఒత్తులు కలిశాయి. థాంక్సండీ.

గాజువాక: ఫొటో ఎన్ని పిక్సెళ్ళు ఉందో చూశారా?