కాండ్రింపా, గాండ్రింపా? బాబీ బ్లాండ్ గొంతుకి ఒక తెలుగు మాట కావాలి

హ్యూస్టన్ నుంచి:
అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒక్క మాట దగ్గర ఇరుక్కుపోయాను. మా ఊరి తెలుగువాళ్ళ పత్రికకి అమెరికన్ గాయకుడు బాబీ 'బ్లూ' బ్లాండ్ పాత రికార్డుల మీద రెండు పేజీలు రాస్తున్నా. ఆయన 1930లో మెంఫిస్ దగ్గర పల్లెలో పుట్టారు, 2013లో పోయారు. పేరు తెచ్చిన పాటలు మాత్రం మా హ్యూస్టన్‌లోని డ్యూక్ కంపెనీ వేసినవి. అందుకే ఈ ఆరాటం.

'బ్లూ' దగ్గరే ఒకసారి బోర్లా పడ్డాను. 'నీలి గాయకుడు' అని రాసి మా ఆవిడకి చూపిస్తే, "ఎలాంటి సినిమాల్లో పాడాడేంటి?" అంది. మనకి నీలి అంటే ఆ చిత్రాలో, లేదంటే నీలాపనిందో. ఇంగ్లీషులోలాగా దిగులు కాదు. అందుకే ఆయన పాడే బ్లూస్‌ని (అమెరికా నల్లజాతివాళ్ళ దిగులు పాటలు) బ్లూస్ అనే ఉంచేశా. (బ్లాండ్ అంటే ఇంగ్లీషులో చప్పిడి. అది సవతి తండ్రి ఇంటిపేరు లెండి, పాటలో ఉప్పుకారాలకి లోటు లేదు.)

అసలు చిక్కు 'స్క్వాల్' దగ్గర. చెవిలో చెబుతున్నట్టు మెత్తగా పాడుతూ పాడుతూ, ఉన్నట్టుండి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఒక అరుపు తీస్తారు. అరక్షణం. మళ్ళీ ఏమీ ఎరగనట్టు అదే మెత్తని గొంతు. 1961లో వచ్చిన 'ఐ పిటీ ద ఫూల్' వినండి, తెలుస్తుంది. ప్రస్తుతానికి 'జీర' అని రాశాను గానీ మనసొప్పట్లేదు.

పద్యాల మేష్టారు:
జీర కాదు నాయనా. ఏడ్చి ఏడ్చి గొంతు జీరబోతుంది. అది మన చేతిలో ఉండదు. బొంగురూ అంతే, జలుబు చేస్తే వస్తుంది. నువ్వు చెప్పేదాన్ని బట్టి ఈయన కావాలని తీస్తున్నాడు, తీసి మళ్ళీ దాచేస్తున్నాడు. 'గాండ్రింపు' అంటే?

వేపపుల్ల:
మేష్టారూ, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగుసార్లు విన్నాను. గాండ్రింపు పులిది, అందులో గొంతు పూర్తిగా తెరుచుకుంటుంది. ఇక్కడ తెరుచుకోవట్లేదు, గీరుకుంటోంది. చెబితే నవ్వుతారు గానీ, మా తాతయ్య పొద్దున్నే పెరట్లో పళ్ళు తోముకుంటూ చేసే చప్పుడు అచ్చం ఇదే. కాండ్రించడం.

పద్యాల మేష్టారు:
చెవి బాగుంది. కానీ కాండ్రించడం వెనకాలే ఉమ్మడం వస్తుంది. 'గాయకుడు కాండ్రించెను' అని పత్రికలో వేస్తే పాఠకుడు కుర్చీ వెనక్కి జరుపుకుంటాడు. ఇంతకీ ఆయనకిది ఎక్కణ్ణుంచి వచ్చింది?

హ్యూస్టన్ నుంచి:
ప్రసంగం నుంచి, మేష్టారూ. డెట్రాయిట్ పాస్టరు సి.ఎల్. ఫ్రాంక్లిన్ (గాయని అరీతా ఫ్రాంక్లిన్ తండ్రి) ప్రసంగాలు రికార్డులుగా వచ్చేవి. వాటిలో గద్ద తన గూడు కదిలించడం మీద ఒకటుంది. అది విని విని పట్టుకున్నానని బ్లాండే చెప్పారు. పై స్థాయిలో సన్నగా పాడే గొంతు పోయింది, తనదంటూ గుర్తుపట్టడానికి ఇంకోటి ఏదైనా కావాలి. 1958 నాటి 'లిటిల్ బాయ్ బ్లూ' చివరికి వచ్చేసరికి అది వినిపిస్తుంది. పత్తి చేలల్లో పనికోసం చిన్నప్పుడే బడి మానేసిన మనిషి, పాటలన్నీ చెవితోనే నేర్చుకున్నారు. ప్రసంగం కూడా మాటలకన్నా చప్పుడుగానే లోపలికి వెళ్ళి ఉంటుందని నా ఊహ.

తెనాలి చెల్లెలు:
అన్నయ్యా, ఆ వాక్యం మా బైబిల్లో ఉంది! ద్వితీయోపదేశకాండము 32వ అధ్యాయం: "పక్షిరాజు తన గూడు రేపి". గద్ద కాదు, పక్షిరాజు. ఉజ్జీవ సభల్లో ప్రసంగం ముగింపుకొచ్చేసరికి పాస్టరుగారి గొంతు సగం మాట, సగం పాట అయిపోతుంది, మధ్యలో ఒక్కోసారి ఇలాగే చిరుగుతుంది. ఆ 'రేపి' చూడండి. చిచ్చు రేపడం, గాయం రేపడం, దుమ్ము రేపడం... కుదురుగా ఉన్నదాన్ని కెలికి లేపడం. మీ బాబీగారు చేసేదీ అదే కదా?

హ్యూస్టన్ నుంచి:
అమ్మా, ఒళ్ళు జలదరించింది. "మెత్తగా పాడుతూ పాడుతూ గొంతు రేపుతారు" అని రాస్తే?

పద్యాల మేష్టారు:
గొంతు రేపడం నేనెక్కడా వినలేదు, నిఘంటువులో చూపించమంటే చూపించలేను. కానీ చదవగానే అర్థమైంది, అర్థం చెప్పమని అడగలేదు. రాసెయ్. మొదటిసారి వచ్చినచోట 'స్క్వాల్' కూడా పక్కన పెట్టు, వెతుక్కునేవాళ్ళకి పనికొస్తుంది.

వేపపుల్ల:
అయితే మా తాతయ్య ఓడిపోయినట్టేనా?

హ్యూస్టన్ నుంచి:
ఎక్కడండీ! రెండో పేజీలో ఆయనే ఉన్నారు, పెరడుతో సహా.