‘హేడ్స్‌టౌన్’: 2010 ఆల్బమ్‌కు నాటకం తోడు కావాలా?

రాగమాలిక:
అమెరికన్ గాయని, గీతరచయిత్రి అనైస్ మిచెల్ 2006లో వెర్మాంట్‌లో ‘హేడ్స్‌టౌన్’ సంగీత నాటకం వేశారు. భార్య యూరిడిసీ కోసం పాతాళానికి వెళ్లే ఆర్ఫియస్ గ్రీకు కథ అది. 2010లో ఆల్బమ్ అయింది. 2019లో న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వేకు చేరి 8 టోనీ నాటక అవార్డులు అందుకుంది. నా దృష్టిలో మాత్రం ఆల్బమ్‌దే పైచేయి. దానికి నాటకం తోడు అక్కర్లేదు. కాదనేవారు చెప్పండి.

తెరచాటు:
నేను కాదంటాను. ఆల్బమ్‌లో కథ ఏది? ప్రేమికులు పెళ్లి మాటలు మాట్లాడుకుంటారు, కొన్ని పాటలు దాటేసరికి యూరిడిసీ పాతాళం దారి పడుతుంది. ఆర్ఫియస్ పాట ధ్యాసలో ఉండగా ఆకలి ఆమెను తరిమిందని నాకు నాటక రూపంలోనే బోధపడింది. ఆల్బమే చాలనుకుంటే దర్శకురాలు రేచల్ చావ్‌కిన్‌తో కలిసి మిచెల్ ఏళ్ల తరబడి ఎందుకు తిరగరాశారు?

రాగమాలిక:
తిరగరాసింది రంగస్థలం కోసం. అక్కడ ఎవరు ఎందుకు వెళ్లారో ప్రేక్షకుడికి తెలియాలి. శ్రోతకు గొంతు చాలు. ఆల్బమ్‌లో పాతాళ రాజు హేడ్స్‌గా గ్రెగ్ బ్రౌన్ పాడిన గోడ పాట వినండి. గోడ ఎందుకని ఆయన అడుగుతారు, స్వేచ్ఛ కోసమని బృందం బదులిస్తుంది. శత్రువు ఎవరు? పేదరికం. వాళ్లకు లేనిది మనకేముంది? పని. ఏం పని? గోడ కట్టడమే! చరణం చరణానికి జవాబు పెరుగుతూ మొదటికే వస్తుంది. బ్రౌన్ ఎక్కడా గద్దించరు. ఆ నింపాదితనంలోనే నాకు యజమాని కనిపిస్తాడు.

చరణం:
హేడ్స్ విషయంలో మీ మాటే నాదీ. ఆర్ఫియస్‌గా జస్టిన్ వెర్నన్ కూడా అంతే, తన గొంతునే పొరలు పొరలుగా పేర్చి పాడారు. అలాంటి పాటకు పాతాళ రాజు కరిగాడంటే నమ్మబుద్ధి అవుతుంది. కానీ బ్రాడ్‌వేలో కథకుడు హెర్మెస్‌గా ఆండ్రే డీ షీల్డ్స్ కథనంతా భుజాన వేసుకున్నారు, టోనీ కూడా గెలిచారు. ఆల్బమ్‌లో హెర్మెస్‌కు అంత చోటు లేదు. ఆ లోటు నాకు ప్రతిసారీ తెలుస్తుంది.

తెరచాటు:
నేననేదీ అదే. భార్యను తీసుకెళ్లేటప్పుడు వెనక్కి చూడకూడదన్నది షరతు. ఆర్ఫియస్ వెనక్కి తిరిగే ఆ క్షణమైనా ఆల్బమ్‌లో విడమరచి చెప్పరే!

రాగమాలిక:
చెప్పకపోవడమే నాకు నచ్చింది. అనుమానం పాట ముగుస్తుంది, హేడ్స్ భార్య పర్సెఫొనీ ఆర్ఫియస్ పేర గ్లాసు ఎత్తుతుంది. అతను ఓడిపోయాడని ఆమె పాటతోనే తెలిసిపోతుంది. ఇంకెవరు వివరించాలి?