టాక్రోలిమస్ వాడుతుంటే బీపీ ఎందుకు పెరుగుతోంది? మోతాదు తగ్గించవచ్చా?

ప్రశ్న (గునుపూర్):
తమ్ముడికి కిడ్నీ మార్పిడి అయి ఏడు నెలలు. ఒళ్లు కొత్త కిడ్నీని తిరస్కరించకుండా టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసలోన్ వాడుతున్నాడు. బీపీ 150/95 దగ్గరే ఉంటోంది, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.2 నుంచి 1.5కి వచ్చింది. విశాఖలో చూపించడానికి ఇంకా రెండు వారాలుంది. అప్పటిదాకా టాక్రోలిమస్ కొంచెం తగ్గించమంటారా?

జవాబు (పర్లాకిమిడి):
తగ్గించకండి. రెండు వారాలు ఆగకండి కూడా, ఈరోజే మార్పిడి చేసిన యూనిట్‌కి ఫోన్ చెయ్యండి. క్రియాటినిన్ పాతిక శాతం పెరిగిందంటే మందు ఎక్కువై నాళాలు బిగుసుకుని ఉండొచ్చు, మందు చాలక ఒళ్లు కిడ్నీని తిరస్కరిస్తూనూ ఉండొచ్చు. మొదటిదానికి మందు తగ్గిస్తారు, రెండోదానికి పెంచుతారు. ఇంట్లో కూర్చుని తేల్చే విషయం కాదిది.

ఇక నాళాల సంగతి. నాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ని వదులుతూ నాళాన్ని సడలించి ఉంచుతుంది. టాక్రోలిమస్, అదే కోవకి చెందిన సైక్లోస్పోరిన్ దాన్ని తగ్గిస్తాయి, నాళాన్ని బిగించే ఎండోథీలిన్‌ని పెంచుతాయి. కిడ్నీలో వడపోతకు రక్తం తెచ్చే సన్నటి నాళం ముడుచుకుంటుంది, వడపోత తగ్గి క్రియాటినిన్ పెరుగుతుంది. మోతాదు సరిచేస్తే ఇది చాలావరకు సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి సాగితే మాత్రం నాళం గోడ గట్టిపడిపోతుంది.

పైగా ఈ మందు వల్ల కిడ్నీ ఉప్పును బయటికి పోనివ్వదు. పఖాళలో (నీళ్లు పోసిన చద్దన్నంలో) కలిపే ఉప్పు, ఎండుచేప, ఆవకాయ ముందు తగ్గించండి. అలాగని లో సోడియం ఉప్పు కొనకండి. అందులో పొటాషియం ఉంటుంది, టాక్రోలిమస్‌తో అసలే అది పెరుగుతుంది.

జవాబు (రాయగడ):
లెవెల్ పరీక్షకి (రక్తంలో టాక్రోలిమస్ ఎంతుందో చూసేది) వెళ్లేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. రాత్రి 9కి మాత్ర వేసుకుంటే పొద్దున 9కి, మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. దారిలో వేసేసుకుంటే లెవెల్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి మోతాదు తగ్గిస్తే కిడ్నీకే ముప్పు. పొద్దుటి మాత్ర జేబులో పెట్టుకెళ్లి, రక్తం ఇచ్చిన వెంటనే వేసుకోమనండి. రాత్రి ఎన్నింటికి వేసుకున్నాడో చీటీ మీద రాయించండి.

ఈమధ్య విరేచనాలు పట్టాయా? క్లారిత్రోమైసిన్ (యాంటీబయాటిక్), ఫ్లూకోనజోల్ (ఫంగస్ మందు) లాంటివి ఎవరైనా ఇచ్చారా? వీటన్నిటితో లెవెల్ పెరుగుతుంది. పంపర పనస కూడా మానాలి.

ప్రశ్న అడిగినవారు:
విరేచనాలు లేవండి. బీపీకని ఇక్కడి డాక్టరు గారు డిల్టియాజెమ్ రాశారు, నాలుగు రోజులైంది. ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్ సూది కూడా ఒకటి చేశారు.

జవాబు (పర్లాకిమిడి):
ఫోన్‌లో ముందు ఈ రెండే చెప్పండి. టాక్రోలిమస్‌ని కరిగించే కాలేయపు ఎంజైమ్‌ని డిల్టియాజెమ్ అడ్డుకుంటుంది, లెవెల్ పెరిగిపోతుంది. దీన్ని కలిపి వాడాలంటే లెవెల్ చూస్తూ మోతాదు మార్చుకుంటూ పోవాలి. అందుకే మామూలుగా ఆమ్లోడిపిన్ వైపు మొగ్గుతారు, అది ముడుచుకున్న నాళాన్ని సడలిస్తుంది కూడా. బీపీ 130/80 లోపు ఉండాలి. డిల్టియాజెమ్ ఆపాలా, మార్చాలా అన్నది యూనిట్ వాళ్లే చెప్పాలి.

డైక్లోఫెనాక్ కూడా అదే సన్నటి నాళాన్ని బిగిస్తుంది, టాక్రోలిమస్‌తో ఇదీ కలిస్తే వడపోత గబుక్కున పడిపోతుంది. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. మూత్రం తగ్గినా, జ్వరం వచ్చినా, కొత్త కిడ్నీ ఉన్నచోట నొప్పి పుట్టినా ఆ రాత్రే బయల్దేరండి.