రైతులు లాగిన్ పేజీ దగ్గరే ఆగిపోతున్నారు: దానిని మా యాప్ రూపంలోకి తెచ్చుకోవడం ఎలా?

బత్తాయి_తోట (నల్లగొండ)

అందరికీ నమస్కారం. నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి రైతుల సంఘం ఒకదానికి వెబ్ యాప్ తయారు చేస్తున్నాను. తోట నుంచి ఏ రోజు ఎన్ని టన్నుల కాయ వెళ్లింది, ఏ ధర పలికింది, ఇంకా ఎంత సొమ్ము రావలసి ఉంది అన్న లెక్కలను రైతు తన ఫోన్‌లోనే చూసుకోవాలన్నది మా ఉద్దేశం. యాప్ మొత్తం తెలుగులో, ఆకుపచ్చ, పసుపు రంగుల్లో, పెద్ద అక్షరాలతో ఉంది. లాగిన్ కోసం మాత్రం కీక్లోక్‌ను (లాగిన్ పనంతా చూసుకునే సాఫ్ట్‌వేర్) అద్దె సర్వర్‌లో నడుపుతున్నాము. 'లోపలికి వెళ్లండి' అన్న బటన్ నొక్కగానే యాప్ మాయమై, ఇంగ్లిష్ అక్షరాలతో వేరే పేజీ వస్తుంది, పైన అడ్రస్ బార్‌లో మా పేరు పోయి సర్వర్ అద్దెకిచ్చిన వారి పొడవాటి చిరునామా కనిపిస్తుంది.

గత వారం ఒక పెద్దాయన పక్కన కూర్చొని ఆయన ఎలా వాడుతున్నారో చూశాను. బటన్ నొక్కిన తరువాత ఆయన బొటనవేలు తెర మీదికి రాకుండా గాలిలోనే ఆగిపోయింది. "ఇది మనది కాదు బిడ్డా, బ్యాంకు పైసలు గుంజేటోళ్ల పేజీ లెక్కున్నది" అని ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టారు. ఆయన జాగ్రత్త సరైనదే. అందుకే ఆయనను ఒప్పించడం కంటే పేజీని మార్చడమే న్యాయమని నాకు అనిపించింది.

నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి. యాప్‌లోనే మా సొంత ఫారం పెట్టి, రైతు ఇచ్చిన పాస్‌వర్డ్‌ను వెనుక నుంచి కీక్లోక్‌కు పంపడం మొదటిది. కీక్లోక్ పేజీనే మా యాప్ రూపంలోకి మార్చుకోవడం రెండవది. ఈ పని చేసినవారు తమ అనుభవం చెప్పగలరని కోరుతున్నాను.

పాలమూరు_కోడ్ (మహబూబ్‌నగర్)

బత్తాయి_తోట గారూ, మొదటి దారిని ఈ రోజే వదిలేయండి. పాస్‌వర్డ్‌ను యాప్ చేతికి ఇచ్చి, దానితో టోకెన్ (ఈ మనిషి లాగిన్ అయ్యాడని చూపే డిజిటల్ చీటీ) తెచ్చుకునే ఆ పద్ధతిని వాడనే కూడదని 2025 జనవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 9700 (లాగిన్ అనుమతుల భద్రతపై ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) సూటిగా చెప్పింది. ఆ మాట లేకపోయినా నేను ఇదే చెప్పేవాణ్ని, ఎందుకంటే రైతు పాస్‌వర్డ్ మీ యాప్ కోడ్ గుండా, మీ లాగ్ ఫైళ్ల పక్కనుంచి ప్రయాణిస్తుంది, రేపు ఓటీపీ గానీ పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తో తెరుచుకునే డిజిటల్ తాళంచెవి) గానీ చేర్చాలనుకుంటే ఆ దశలన్నిటినీ మీరే మళ్లీ కట్టుకోవలసి వస్తుంది. అందం కోసం ఇంత బరువు నెత్తికెత్తుకోవద్దు.

ఆ పెద్దాయన అనుమానానికి సగం కారణం అడ్రస్ బార్‌లోనే ఉంది కాబట్టి, రంగులు ముట్టుకోకముందే మీ సొంత డొమైన్ కింద లాగిన్‌కు ఒక ఉపడొమైన్ పెట్టుకోండి. నేను ఈ పని ఆలస్యంగా చేసి నష్టపోయాను. నారాయణపేట చీరలు అమ్మే ఒక చిన్న దుకాణానికి సైట్ కట్టినప్పుడు, లాగిన్ సేవ వారు ఇచ్చిన చిరునామాతోనే మొదలుపెట్టి, ఆరు వారాల తరువాత సొంత చిరునామాకు మార్చాను. టోకెన్‌లో 'దీనిని జారీ చేసింది ఎవరు' అన్న గడిలో చిరునామా కూడా మారుతుందని నాకు ఆ రోజు గుర్తుకు రాలేదు. మా ఏపీఐ (సైట్ అడిగిన సమాచారం ఇచ్చే సర్వర్ భాగం) పాత చిరునామా కోసమే చూస్తూ వచ్చిన ప్రతి టోకెన్‌నూ తిప్పి పంపింది, ఒక పూట ఆర్డర్లన్నీ ఆగిపోయాయి. గూగుల్ ఖాతాతో లాగిన్ పెట్టి ఉంటే అక్కడ నమోదు చేసిన తిరుగు చిరునామాను కూడా మార్చాలి.

పాస్‌కీల సంగతి ఇంకా ముఖ్యమైనది. పాస్‌కీ తాను పుట్టిన డొమైన్‌కు కట్టుబడి ఉంటుంది, అందువల్ల పాత డొమైన్ మీద చేసిన పాస్‌కీలు మామూలుగా కొత్త డొమైన్‌లో పనిచేయవు. ఐఫోన్ వాడే వారు మీ దగ్గర తక్కువే ఉండవచ్చు గానీ, సఫారీ 2020 నుంచి వేరే సైటుకు చెందిన కుకీలను (సైట్లు బ్రౌజర్‌లో దాచుకునే చిన్న గుర్తులను) పూర్తిగా ఆపేస్తోంది. లాగిన్ పేజీ, యాప్ ఒకే డొమైన్ కింద ఉంటే ఆ చిక్కు కూడా తొలగుతుంది.

దేవరకొండ_విద్యార్థి

అన్నా, చిన్న సందేహం. కీక్లోక్ పేజీని మన యాప్‌లో ఐఫ్రేమ్ (ఒక పేజీ లోపల ఇంకో పేజీని చూపే చట్రం) పెట్టి అందులోనే చూపిస్తే డొమైన్ గొడవ లేకుండా పోతుంది కదా?

పాలమూరు_కోడ్ (మహబూబ్‌నగర్)

లేదు తమ్ముడూ. లాగిన్ పేజీలు వేరే సైటు ఐఫ్రేమ్‌లో తెరుచుకోకుండా హెడర్లతో (పేజీతో పాటు సర్వర్ పంపే సూచనలతో) అడ్డుకుంటాయి, ఆ అడ్డును తీసేయడం ప్రమాదం. ఎవరైనా తమ పేజీలో నీ లాగిన్‌ను కనిపించకుండా పరిచి, దాని మీద తమ బటన్లు పెట్టి నొక్కించుకోగలరు. పైగా ఐఫ్రేమ్‌లో ఉన్న పేజీ ఎవరిదో అడ్రస్ బార్ చూసి తెలుసుకునే వీలు వాడుకరికి ఉండదు, ఆ పెద్దాయనకు ఉన్న ఒక్క రక్షణనూ మనమే తీసేసినట్లవుతుంది.

మిర్యాలగూడ_లెక్కలు

మేము మిల్లుల ధాన్యం లెక్కల యాప్‌కు కీక్లోక్‌నే వాడుతున్నాము కాబట్టి థీమ్ (లాగిన్ పేజీ రూపాన్ని నిర్ణయించే ఫైళ్ల కట్ట) గురించి చెబుతాను. థీమ్స్ ఫోల్డర్‌లో మీ పేరుతో ఒక థీమ్ పెట్టి, దాని ప్రాపర్టీస్ ఫైల్‌లో కీక్లోక్ సొంత థీమ్‌ను తల్లి థీమ్‌గా చెప్పి, మీ సీఎస్ఎస్ ఫైల్ (రంగులు, కొలతలు చెప్పే ఫైల్) పేరు చేర్చితే చాలు, మిగతావన్నీ తల్లి నుంచి వస్తాయి. రెల్మ్ (కీక్లోక్‌లో ఒక వాడుకరుల జాబితా, దాని యాప్‌లు ఉండే విభాగం) సెట్టింగ్స్‌లో లాగిన్ థీమ్‌గా దానిని ఎంచుకోవాలి. ఒకే రెల్మ్‌లో రెండు యాప్‌లు ఉంటే ఒక్కొక్క క్లయింట్‌కు (అంటే యాప్‌కు) వేరే థీమ్ కూడా ఇవ్వవచ్చు. పని చేసేటప్పుడు థీమ్ కాష్‌ను (పాత రూపాన్ని దాచి చూపే ఏర్పాటును) ఆపి ఉంచండి, లేకపోతే మీరు మార్చిన రంగు తెర మీద కనిపించక గంటలు పోతాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకూడదని రాస్తున్నాను. లోగో పక్కన ఒక వాక్యం చేర్చాలనుకొని, తల్లి థీమ్‌లోని టెంప్లేట్లన్నిటినీ (పేజీ నిర్మాణం ఉండే ఫైళ్లను) మా థీమ్‌లోకి కాపీ చేసుకున్నాను. ఏడాది గడిచాక కీక్లోక్‌ను కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడు, లోపల కొత్తగా వచ్చిన దశలు మా పాత టెంప్లేట్లకు తెలియవు గనుక, 'వేరే పద్ధతిలో ప్రయత్నించండి' అన్న లింకు మా పేజీలో కనిపించనే లేదు. ఓటీపీ యాప్ ఉన్న ఫోన్ పోగొట్టుకున్న గుమాస్తా ఒకరు రెండు రోజులు లోపలికి రాలేకపోయారు. అప్పటి నుంచి సీఎస్ఎస్‌తో అయ్యే పనిని సీఎస్ఎస్‌తోనే చేస్తున్నాను, తప్పనిసరి అయితే ఒక్క టెంప్లేట్‌ను మాత్రమే తీసుకొని, ఏ వెర్షన్ నుంచి తీసుకున్నానో ఆ ఫైల్ మొదటి వరుసలోనే రాసి పెడుతున్నాను. 26వ వెర్షన్‌తో కొత్త రెల్మ్‌లకు తల్లి థీమే మారింది కాబట్టి, ఏ థీమ్ మీద కడుతున్నారో మొదలుపెట్టే ముందే చూసుకోండి.

గద్వాల_అంచు

నేను డిజైన్ పని చేస్తాను. ఇంతవరకు ఎవరూ చెప్పని విషయం తెలుగు అక్షరాలది, నా దృష్టిలో ఈ పని మొత్తంలో ఎక్కువ శ్రద్ధ అడిగేది ఇదే. ఈ లాగిన్ థీమ్‌లు రోమన్ అక్షరాల కొలతలతో పుట్టినవి. వాటి బటన్‌కు ఎత్తు బిగించి ఉంటే 'పాస్‌వర్డ్ మార్చుకోండి' అన్న మాటలో 'ర్డ్' కింద, 'ప్రవేశం'లో రావత్తు కింద తెగిపోతాయి. దగ్గరగా చూస్తే అక్షరం కాళ్లు నరికినట్లు ఉంటుంది. చదవడానికి ముందే తడబడే పాఠకుడికి అది వేరే అక్షరంలా కనిపిస్తుంది. బటన్‌కు ఎత్తు బిగించకుండా పైనా కిందా ఖాళీ ఇచ్చి, వరుస ఎత్తును 1.6 దాకా పెంచి, పొంగిన భాగాన్ని దాచే సీఎస్ఎస్ నియమాన్ని తీసేయండి. అక్షరాల మధ్య ఎడం పెంచే నియమం ఉంటే దానిని కూడా సున్నా చేయండి.

ఇంకొకటి. బ్రౌజర్లలో ఇన్‌పుట్ గడులు, బటన్లు చుట్టూ ఉన్న ఫాంట్‌ను వాటంతట అవే తీసుకోవు. అందువల్ల పైన మాట మీ ఫాంట్‌లో, గడిలోని మాట ఫోన్ సొంత ఫాంట్‌లో వచ్చి, పేజీ అతుకుల బొంతలా కనిపిస్తుంది. ఆ గడులకు 'ఫాంట్ ఇన్హెరిట్' అన్న ఒక్క వరుస రాస్తే సరిపోతుంది. నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ వాడితే, ఆ ఫాంట్ ఫైల్‌ను థీమ్ ఫోల్డర్‌లోనే పెట్టుకోండి. గడిలో అక్షరం 16 పిక్సెళ్ల కంటే చిన్నదైతే ఐఫోన్ పేజీని దానంతట అదే పెద్దది చేసి చూపిస్తుంది, కాబట్టి అంతకు తగ్గించవద్దు.

పసుపు బటన్ మీద తెల్ల అక్షరాలు పెట్టారేమో ఒకసారి చూసుకోండి. మామూలు అక్షరానికి, వెనుక రంగుకు మధ్య కనీసం 4.5:1 వెలుగు తేడా ఉండాలని డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరికీ అందేలా చేసే మార్గదర్శకాలు) చెబుతుంది, పసుపు మీద తెలుపు ఆ దరిదాపులకు కూడా రాదు. ఎండలో తోట గట్టు మీద నిలబడి ఫోన్ చూసే మనిషికి ఆ బటన్ ఖాళీగా కనిపిస్తుంది. పసుపు మీద ముదురు ఆకుపచ్చ అక్షరాలు పెట్టండి.

పాలమూరు_కోడ్ (మహబూబ్‌నగర్)

గద్వాల_అంచు గారు చెప్పినదానికి ఒక్క మాట చేర్చుతాను. రూపం మార్చే హడావుడిలో గడుల మీద ఉన్న ఆటోకంప్లీట్ గుర్తులను తీసేయవద్దు, పాస్‌వర్డ్ గడిలో పేస్ట్ చేయడాన్ని ఆపవద్దు. రైతు కొడుకో కూతురో ఒకసారి ఫోన్‌లో పాస్‌వర్డ్ భద్రపరిచి వెళితే, తరువాత ఆయన గుర్తుపెట్టుకోనవసరం లేకుండా ఆ గుర్తులే గడిని నింపుతాయి.

తప్పు వచ్చినప్పుడు చూపే మాటను కూడా మీరే రాసుకోండి. 'ఈ నంబర్‌తో ఖాతా లేదు' అని విడిగా చెబితే, ఏ నంబర్‌కు ఖాతా ఉందో బయటివాడు ఒక్కొక్కటిగా తెలుసుకోగలడు. 'మొబైల్ నంబర్ గానీ పాస్‌వర్డ్ గానీ సరిపోలలేదు, మళ్లీ చూసి రాయండి' అని మేము పెట్టాము.

మిర్యాలగూడ_లెక్కలు

తెలుగు మాటల ఫైల్ గురించి మరిచిపోయాను. థీమ్‌లో మెసేజెస్ ఫోల్డర్‌లో తెలుగు భాషా సంకేతంతో ఒక ఫైల్ పెట్టి, థీమ్ ప్రాపర్టీస్‌లో ఆ సంకేతాన్ని చేర్చి, రెల్మ్ సెట్టింగ్స్‌లో బహుభాషా సౌకర్యాన్ని తెరవాలి. ఫైల్‌ను యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు చెడకుండా ఉంచే పద్ధతిలో) భద్రపరచండి. యాప్ నుంచి పంపేటప్పుడు 'యూఐ లొకేల్స్' అన్న పరామితిలో తెలుగు అని చెబితే, ఫోన్ భాష ఇంగ్లిష్ అయినా పేజీ తెలుగులోనే తెరుచుకుంటుంది.

ఓటీపీని ఎస్ఎంఎస్‌లో పంపే ఆలోచన ఉంటే, తెలుగు సందేశం ఒక్కొక్కటి 70 అక్షరాలకే నిండుతుందని, ఇంగ్లిష్‌కు ఉండే 160 దీనికి వర్తించదని లెక్కలో పెట్టుకోండి. వత్తులు, గుణింతాలు కూడా విడి అక్షరాలుగానే లెక్కకు వస్తాయి. సందేశం నమూనాను డీఎల్‌టీలో (వ్యాపార ఎస్ఎంఎస్‌లను నమోదు చేసే టెలికాం వేదికలో) ముందే నమోదు చేయించాలి కాబట్టి, మాటలు ఖరారు చేసుకున్నాకే పంపండి. క్రోమ్‌లో ఓటీపీ దానంతట అదే గడిలోకి రావాలంటే చివరి వరుసలో మీ లాగిన్ డొమైన్, కోడ్ నిర్ణీత పద్ధతిలో ఉండాలి. ఆ వరుసను కూడా నమూనాలోనే చేర్చండి.

దేవరకొండ_విద్యార్థి

మా కాలేజీ ప్రాజెక్టుకు కీక్లోక్ లేదు, ఆథ్‌జీరో (ఇదే పని చేసే ఆన్‌లైన్ లాగిన్ సేవ) ఉంది. దానిలో కూడా ఇంత స్వేచ్ఛ ఉంటుందా?

పాలమూరు_కోడ్ (మహబూబ్‌నగర్)

లోగో, రంగులు, ఫాంట్, మాటలు అన్నీ డాష్‌బోర్డ్ నుంచే మారతాయి. గడుల చుట్టూ ఉన్న పేజీని మొత్తంగా నీ సొంత టెంప్లేట్‌తో కట్టుకోవాలంటే మాత్రం ముందు కస్టమ్ డొమైన్ ఉండాలి.

బత్తాయి_తోట (నల్లగొండ)

పది రోజుల తరువాత తిరిగి వచ్చి రాస్తున్నాను. సొంత ఫారం ఆలోచన వదిలేశాను. ముందుగా ఉపడొమైన్ పెట్టి, ఏపీఐలో జారీదారు చిరునామాను అదే రాత్రి మార్చాను, పాలమూరు_కోడ్ గారు చెప్పకపోతే మాకూ ఆ పూట నష్టం తప్పేది కాదు. టెంప్లేట్లు ఏవీ కాపీ చేయలేదు. థీమ్ మొత్తం 140 వరుసల సీఎస్ఎస్, ఒక లోగో, ఒక ఫాంట్ ఫైల్, తెలుగు మాటల ఫైల్, అంతే.

బటన్ మీద మొదట 'ప్రవేశించండి' అని రాశాను, దానిని తీసి యాప్‌లో ఉన్న మాటనే, 'లోపలికి వెళ్లండి' అనే పెట్టాను. నిన్న అదే పెద్దాయన ఇంటికి వెళ్లి ఫోన్ ఇచ్చాను. పేజీ మారిందన్న సంగతే ఆయన గమనించలేదు, నంబర్ రాసి, పాస్‌వర్డ్ గడి పక్కనున్న కన్ను గుర్తు నొక్కి ఒక్కొక్క అక్షరం సరిచూసుకొని లోపలికి వెళ్లి, గత నెల కాయ లెక్క తీసి మార్కెట్ చీటీతో పోల్చుకున్నారు.

పాస్‌వర్డ్ మరిచిపోయినప్పుడు వెళ్లే మెయిల్ ఇంకా ఇంగ్లిష్‌లోనే ఉంది, కీక్లోక్‌లో మెయిల్‌కు వేరే థీమ్ ఉంటుందని ఇప్పుడే చూశాను. సెషన్ గడువు తీరినప్పుడు వచ్చే పేజీలోని మాటలు కూడా మార్చవలసి ఉంది. ఆ రెండూ అయ్యాక తెలుగు మాటల ఫైల్‌ను ఇక్కడే పెడతాను, మన వైపు వారు ఎవరైనా వాడుకోవచ్చు, మాటలు సరిదిద్దవచ్చు.