దళితుల హత్యలు జరిగిన కారంచేడు, చుండూరు ఘటనలను ఊరి పేరుతో సహా హైస్కూలు పిల్లలకు చెప్పవచ్చునా?

సాంఘికశాస్త్రం మాస్టారు:
జలియన్‌వాలాబాగ్ పాఠంలో డయ్యర్ పేరూ, 379 మంది మరణించారన్న ప్రభుత్వ లెక్కా తడబాటు లేకుండా చెబుతాం. గేదెల మురుగు తాగునీటి చెరువులో కలుస్తోందని ఒక దళిత యువకుడు అభ్యంతరం చెప్పడంతో మొదలై, 1985 జూలై 17న ఆరుగురు దళితుల హత్యకు దారితీసిన కారంచేడు దగ్గరకు వచ్చేసరికి మాత్రం “కొన్ని గ్రామాల్లో వివక్ష ఉండేది” అని దాటవేస్తాం. ఊరి పేరుతోనే చెప్పాలని నా అభిప్రాయం.

ఒక తల్లి:
మాస్టారు గారూ, డయ్యర్ మనవలు మీ తరగతిలో కూర్చోరు. మా ఊరి బడిలో దళితులు, అగ్రకులాలు అనే రెండు పక్షాల పిల్లలూ ఒకే బెంచీ మీద ఉంటారు. పాఠం అయిన మర్నాడు ఆ బెంచీ అలాగే ఉంటుందా? పైగా చుండూరు కేసులో నిందితులను 2014లో హైకోర్టు నిర్దోషులుగా వదిలింది. వారిని పాఠంలో దోషులుగా నిలబెట్టడం హక్కుల బోధన ఎలా అవుతుంది?

సాంఘికశాస్త్రం మాస్టారు:
మొదటి మాట ఒప్పుకుంటున్నాను. నిందితుల ఇంటిపేర్లు చెప్పను, పిల్లలచేత ఆ పాత్రలు వేయించను (ఒకచోట వేయించగా చూశాను, ఎవరు ఏ పాత్ర అన్నది పిల్లలే కులాన్నిబట్టి పంచుకున్నారు). రెండో మాటే నేను ఈ పాఠం కోరడానికి కారణం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు హతులయ్యారు, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఆ ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం విధించగా, ఎవరు చంపారన్నది సందేహాతీతంగా రుజువు కాలేదని హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. “జరిగింది” వేరు, “రుజువైంది” వేరు అని పిల్లవాడు ఆ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టుకొని తెలుసుకోవాలి.

దళితపేట నుంచి వచ్చి చదువుకున్న వ్యక్తి:
అమ్మా, ఈ సంగతులు మా ఇళ్లలో అన్నం తింటూ విన్నాం. బడి చెప్పకపోతే తెలియకుండా పోయేది మా పక్కన కూర్చున్న పిల్లవాడికే. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చిందని అతడు పరీక్షలో రాశాడు, ఎందుకు వచ్చిందో మాత్రం నన్నడిగాడు.

ఒక తల్లి:
అయితే ఆ పాఠం చెప్పే రోజున మమ్మల్ని, రెండు పక్షాల తల్లిదండ్రులనూ, వెనుక బెంచీల్లో కూర్చోనివ్వండి. మాకూ ఎవరూ చెప్పలేదు.