కీమోలో తల మీద గుచ్చుకునే వెంట్రుక మొదళ్లు తీసేదెలా?

అమ్మకు రొమ్ము క్యాన్సర్. డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులు 21 రోజులకోసారి ఇస్తున్నారు. రెండో డోసు అయి ఇవాళ్టికి 9 రోజులు. మొదటి డోసు తర్వాత 16వ రోజున జుట్టు కుచ్చులుగా ఊడటం మొదలైంది, 18వ రోజున ట్రిమ్మర్‌తో తీసేశాం. రేజర్ జోలికి పోలేదు. తెల్ల రక్తకణాలు తగ్గే రోజుల్లో చిన్న గాటు పడినా ఇన్ఫెక్షన్ భయం.

చిక్కంతా మిగిలిన మిల్లీమీటరు మొదళ్లతోనే. రాలినవి స్కార్ఫ్ కింద ఇరుక్కుని సూదుల్లా గుచ్చుతున్నాయి. మెడ వెనక, చెవుల పైన మరీ ఎక్కువ. రాత్రి దిండు మీద తల ఆనించలేకపోతోంది.

రోజు విడిచి రోజు గోరువెచ్చని నీళ్లు, బేబీ షాంపూతో కడుగుతున్నాం. సగమే పోతున్నాయి. తువ్వాలుతో రుద్దితే మాడు ఎర్రబడుతోంది. కొబ్బరి నూనె (అందరూ చెప్పేది ఇదే) నాలుగు రోజులు రాస్తే మొదళ్లు అతుక్కుపోయి, పైగా చిన్న చిన్న చీము పొక్కులు లేచాయి. డాక్టర్ రాసిన క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ లోషన్‌తో ఐదు రోజులకు ఎండాయి. జ్వరం లేదు. దిండుకు శాటిన్ గలీబు వేస్తే రాపిడి తగ్గింది గానీ గుచ్చుకోవడం తగ్గలేదు.

బట్టల మీది నూగు తీసే జిగురు రోలర్‌తో కొందరు తీస్తారని విన్నాను. పొక్కులు ఇప్పుడిప్పుడే మానిన చర్మం కదా, జిగురు పడుతుందో లేదోనని ఆగాం. కీమో నడుస్తుండగా దాన్ని తల మీద వాడినవాళ్లు ఉంటే, చర్మం రేగకుండా మొదళ్లు వచ్చేశాయా?