వరదలో మునిగిన సైకిల్ ఇంజన్: కార్బొరేటర్ మార్చాలా, జాయింట్ చూడాలా?

సింగ్‌నగర్ సైకిల్:
అన్నలూ, నాది మోటార్ కిట్ బిగించిన సైకిల్. టూ స్ట్రోక్. అమ్మేవాళ్లు 80 సీసీ అంటారు గానీ బోరు 47, స్ట్రోకు 38 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే 66 దాటదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు విజయవాడలో మా అజిత్‌సింగ్ నగర్ మీద పడ్డప్పుడు వీధిలో బళ్లన్నిటితో పాటు ఇదీ మునిగింది. చాలా కాలం మూలన పడేసి, ఈ మధ్యే క్రాంక్ బేరింగులు, సీళ్లు మార్పించాను. కార్బొరేటర్ కడిగించాను. స్టార్టయితే అవుతోంది. కానీ ఎక్సలేటర్ వదిలేసినా రేజ్ అయిపోతోంది. ఐడిలింగ్ స్క్రూ పూర్తిగా వెనక్కి తిప్పినా తగ్గదు, వేడెక్కే కొద్దీ ఇంకా పెరుగుతుంది. ప్లగ్ తీస్తే కొన తెల్లగా పాలిపోయి ఉంది. మా వీధి మెకానిక్ "ఈ కార్బొరేటర్ పని అయిపోయింది, నా దగ్గర పాత మోపెడ్‌ది పెద్దది ఉంది, వేసేద్దాం, పికప్ కూడా వస్తుంది" అంటున్నాడు. వేయించమంటారా?

ఆటోనగర్ పానా:
తమ్ముడూ, మార్చెయ్. మోపెడ్‌ది కాదు, అదే కిట్‌కి వచ్చే అదే సైజు కొత్తది. వరద నీళ్లు తాగిన కార్బొరేటర్లు ఆ ఏడాది ఎన్ని విప్పామో మాకే తెలుసు. పైకి కడిగితే మెరుస్తుంది. కింద పెట్రోల్ నిలిచే గిన్నె విప్పి, పెట్రోల్ రాకని ఆపే ఫ్లోట్ నీడిల్ కూర్చునే సీటు దగ్గర వేలిగోరుతో గీకు, తెల్ల పొడి రాలుతుంది. ఆ పొడి పెట్రోల్‌తో కదిలి వచ్చి జెట్‌లో, అంటే పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రంలో కూర్చుంటుంది. జెట్ సగం మూసుకుంటే పెట్రోల్ తగ్గుతుంది, ప్లగ్ తెల్లబడుతుంది. నువ్వు చెప్పిన లక్షణం అదే. కడిగించడానికి నాలుగుసార్లు ఇచ్చే కూలితో కొత్తదే వస్తుంది.

బ్రాడీపేట 4/7:
పానా గారూ, జెట్ మూసుకుంటే ప్లగ్ తెల్లబడుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఎక్సలేటర్ వదిలేశాక రేజ్ ఎందుకవుతుంది? కార్బొరేటర్‌లో గాలిదారిని మూసే స్లైడ్ కిందికి దిగిపోయాక ఇంజన్‌కి గాలి వెళ్లే దారే సన్నబడాలి. అయినా స్పీడ్ తగ్గడం లేదంటే రెండే కారణాలు. స్లైడ్ పూర్తిగా దిగడం లేదు, లేదా కార్బొరేటర్ దాటాక ఎక్కడో దొంగ గాలి దూరుతోంది. ఐడిలింగ్ స్క్రూ మాట వినడం లేదంటే నా అనుమానం రెండోదాని మీదే.

ఈ కిట్ల కార్బొరేటర్ బిగించే పద్ధతే అంత. కార్బొరేటర్‌ని సిలిండర్‌కి కలిపే మ్యానిఫోల్డ్ గొట్టం బయటి కొలత దాదాపు 19 మిల్లీమీటర్లు. కార్బొరేటర్ మెడ దాని మీదికి తొడిగి క్లాంపు స్క్రూ బిగిస్తారు. మెడ నొక్కుకోవాలి కాబట్టి దానికి ఒక చీలిక పెట్టి ఉంటుంది. మెడని గొట్టం మీదికి చివరిదాకా నెట్టకపోతే ఆ చీలిక కొంత గొట్టం అవతల తెరుచుకునే ఉండిపోతుంది. అందులోంచి గాలి పోతుంది. క్లాంపు ఎంత గట్టిగా బిగించినా లాభం లేదు, స్క్రూ మర పోవడం తప్ప. ఇప్పుడు మీరు కొత్త కార్బొరేటర్ తెచ్చి అలాగే తొడిగితే కొత్త కార్బొరేటర్‌తో రేజ్ అవుతుంది. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడం అంటే ఇదే.

మిర్చియార్డ్ మావ:
ఇద్దరూ పుస్తకాలు తిరగేయండి. అల్లుడూ, ఆ మెకానిక్ చెప్పింది విను. మన ఎండలకి పెట్రోల్ ఎక్కువ కావాలి. మే నెలలో 45 డిగ్రీల్లో చిన్న కార్బొరేటర్‌తో ఏ టూ స్ట్రోక్ బండైనా చల్లబడుతుందా? పెద్దది వెయ్యి, పెట్రోల్ దండిగా పోతుంది, ఇంజన్ చల్లగా ఉంటుంది. పాత రోజుల్లో గుంటూరులో మోపెడ్లకి అందరూ ఇదే చేసేవాళ్లు.

బ్రాడీపేట 4/7:
మావయ్యా, ఎండలో గాలి పలచబడుతుంది. 25 డిగ్రీల నుంచి 45కి వెళితే గాలి సాంద్రత 6 శాతం దాకా తగ్గుతుంది. గాలి తగ్గి జెట్ అదే ఉంటే మిశ్రమంలో పెట్రోల్ పాలు పెరుగుతుంది గానీ తగ్గదు. అంటే ఎండాకాలం చిన్న జెట్ వైపు వెళ్లాలి, మీరు చెప్పినట్టు కాదు.

పెట్రోల్ ఎక్కువ కావాలనడానికి కారణం వేరే ఉంది, ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి అది మండడానికి గాలి తక్కువ చాలు. మామూలు పెట్రోల్ కిలోకి 14.7 కిలోల గాలి సరిపోతే, 20 శాతం ఇథనాల్ కలిపినదానికి 13.5 దగ్గర చాలు. పాత జెట్ అలాగే ఉంచి ఈ20 పోస్తే ఇంజన్ కాస్త లీన్‌గా, అంటే పెట్రోల్ తక్కువై నడుస్తుంది. దీనికి మందు స్లైడ్‌కి వేలాడే నీడిల్ మీది క్లిప్. క్లిప్‌ని ఒక గాడి కిందికి దింపితే నీడిల్ పైకి లేస్తుంది, సగం ఎక్సలేటర్‌లో పెట్రోల్ పెరుగుతుంది. పూర్తి ఎక్సలేటర్‌లోనూ చాలకపోతే మెయిన్ జెట్ ఒక నంబరు పెంచాలి. దానికి కార్బొరేటర్ మొత్తం మార్చక్కర్లేదు.

ఇక పెద్దదాని సంగతి. లోపలి దారి వెడల్పయితే అదే గాలి నెమ్మదిగా కదులుతుంది. నెమ్మది గాలి జెట్‌లోంచి పెట్రోల్‌ని సరిగా లాగలేదు, కింద స్పీడ్‌లో గుటకలేస్తుంది. 66 సీసీకి పికప్ రావడం కాదు, ఉన్నది పోతుంది. పైగా మోపెడ్ కార్బొరేటర్ మెడ ఈ గొట్టానికి సరిపోదు. రబ్బరు ముక్కో రేకు ముక్కో చుట్టి కుదురుస్తారు. అక్కడ మళ్లీ గాలి.

బెంజి సర్కిల్ బెయిలు:
కార్బొరేటర్ సరే, ఈ బండి రోడ్డు మీదికి ఎలా తెస్తారు? మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 2(28) చూడండి. నాలుగు చక్రాలకన్నా తక్కువ ఉండి, ఇంజన్ 25 సీసీ మించకపోతేనే అది మోటారు వాహనం కాదు. 66 సీసీ అంటే మోటారు వాహనమే. సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా బహిరంగ స్థలంలో నడపకూడదు. ఇన్సూరెన్స్ వేరే కథ. బ్యాటరీ సైకిళ్లకి 250 వాట్లు, 25 కిలోమీటర్ల వేగం లోపు ఉంటే మినహాయింపు ఉంది, పెట్రోల్ కిట్టుకి అది వర్తించదు. సైకిలే కదా అని ప్రకాశం బ్యారేజీ మీదికి ఎక్కితే కథ కంచికి కాదు, స్టేషన్‌కి పోతుంది.

సింగ్‌నగర్ సైకిల్:
రోడ్డుకి కాదండీ. కొల్లిపర దగ్గర మా బాబాయి అరటి తోట ఉంది, లోపల గట్ల మీద తిరగడానికి. అక్కడికి ఆటోలో వేసుకు వెళ్తాం.

ఆటోనగర్ పానా:
గురువుగారూ, మీరు చెప్పిన చీలిక నేనూ చూశాను, కాదనను. కానీ ఒక్కటి. తమ్ముడు సీళ్లు కొత్తవి వేయించానన్నాడు, సరిగ్గా కూర్చోబెట్టారో లేదో ఎవరు చూశారు? మాగ్నెట్ వైపు సీల్ పెదవి మడతపడినా ఇదే లక్షణం. జాయింట్లు, సీళ్లు, అన్నీ వెతుక్కుంటూ పోతే కుర్రాడికి నెల పడుతుంది. కొత్త కార్బొరేటర్ వేస్తే ఒక అనుమానం తీరిపోతుంది. మా పని ఇలాగే జరుగుతుంది.

బ్రాడీపేట 4/7:
నెల ఎందుకండీ, సబ్బు నీళ్ల సీసా చాలు. స్ప్రే సీసాలో సబ్బు నీళ్లు పోయండి. ఇంజన్ స్టార్ట్ చేసి, చేతిని కిల్ స్విచ్ మీదే ఉంచండి, రేజ్ ఎక్కువైతే ఆపేయండి. ముందు కార్బొరేటర్ మెడ దగ్గర కొట్టండి. తర్వాత మ్యానిఫోల్డ్ సిలిండర్‌కి కలిసే చోట. ఎక్కడ కొట్టినప్పుడు ఇంజన్ శబ్దం మారిందో గాలి దూరే చోటు అక్కడే. మాగ్నెట్ మూత తీసి సీల్ దగ్గర చివర్లో కొట్టండి, వైర్లు తడవకుండా.

అది తేలేదాకా దయచేసి లోడ్ మీద నడపకండి. టూ స్ట్రోక్‌లో ఇంజన్‌ని జారుగా ఉంచే టూటీ ఆయిల్ వచ్చేది పెట్రోల్‌తోనే. పెట్రోల్ తగ్గితే ఆయిల్ కూడా తగ్గుతుంది. ఒకవైపు వేడి, ఇంకోవైపు ఆయిల్ లేదు. పిస్టన్ బోరుకి కరుచుకుంటే అప్పుడు కార్బొరేటర్ గొడవే ఉండదు.

సింగ్‌నగర్ సైకిల్:
చేసి చూశాను. కార్బొరేటర్ మెడ దగ్గర కొడితే ఏమీ మారలేదు. మ్యానిఫోల్డ్ కింద, సిలిండర్ వైపు ప్యాకింగ్ దగ్గర కొట్టగానే ఇంజన్ గొంతు మారిపోయింది, నురగ లోపలికి లాక్కుంది. విప్పితే ప్యాకింగ్ ఒక మూల నల్లగా ఉబ్బి చిరిగి ఉంది. మ్యానిఫోల్డ్ మొహం కూడా చదునుగా లేదు. అద్దం మీద ఎమెరీ కాగితం పరిచి రుద్దితే నాలుగు మూలలు మెరిసి మధ్యలో మచ్చ మిగిలింది. మచ్చ పోయేదాకా రుద్ది, కొత్త ప్యాకింగ్ వేశాను. ఇప్పుడు ఎక్సలేటర్ వదిలితే దిగుతోంది. ఐడిలింగ్ స్క్రూ మాట వింటోంది.

మిర్చియార్డ్ మావ:
సరే, రేజ్ తగ్గింది. పికప్ ఏదీ మరి?

ఆటోనగర్ పానా:
మంచిదే. కానీ కార్బొరేటర్ మీద నా మాట మారదు. కొద్ది రోజులు నడిపి గిన్నె విప్పు, అడుగున తెల్ల పొడి కనిపిస్తే అప్పుడు మార్చు. కొత్తది తొడిగేటప్పుడు రెండు చూసుకో. స్లైడ్‌లో గాడి, బాడీలో ఉన్న పిన్ను మీద కూర్చోవాలి, కోసి ఉన్న వైపు ఎయిర్ ఫిల్టర్ వైపుకి రావాలి. తిరగేసి పెడితే నీ కథ మొదటికే వస్తుంది. గిన్నె నేలకి సమంగా ఉండాలి, పక్కకి వాలితే ఓవర్‌ఫ్లో. ఎక్సలేటర్ వైరుకి కాస్త లూజు వదులు, హ్యాండిల్ పూర్తిగా తిప్పి చూడు, వైరు లాగి ఇంజన్ స్పీడ్ పెరగకూడదు. బండి నిలబెట్టేటప్పుడు పెట్రోల్ కాక్ మూసి, గిన్నెలో పెట్రోల్ అయిపోయి అదే ఆగేదాకా నడవనివ్వు. లేకపోతే పెట్రోల్ ఆవిరై ఆయిల్ జెట్‌లో జిగురులా మిగులుతుంది. తోటకి పోయే ముందు ప్లగ్ ఒకసారి తీసి రంగు చూడు, ఇటుక రంగు రావాలి.